అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ ల్యాబ్

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకు జావా కోసం వచ్చినవాళ్ళయినా, టెస్టింగ్ కోసం వచ్చినవాళ్ళయినా ఎస్‌క్యూఎల్ నేర్వక తప్పదు. సమాచారాన్ని టేబుళ్ళుగా భద్రపరచే పద్ధతిని 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. ఆ టేబుళ్ళను ప్రశ్నించే భాషే ఎస్‌క్యూఎల్; దాన్ని 1974లో అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బోయిస్ వెలువరించారు. నోట్సులో ఈ చరిత్రకు అరపేజీ చాలు. అసలు చదువంతా ల్యాబ్‌లోనే.

అక్కడ వెళ్ళి చూసిన ఒక ల్యాబ్‌లో సాధన మొత్తం ఒరాకిల్ డేటాబేస్‌తో ఏళ్ళ తరబడి వస్తున్న ఎంప్, డెప్ట్ టేబుళ్ళ మీదే నడిచింది. ఎంప్‌లో 14 మంది ఉద్యోగులు, డెప్ట్‌లో 4 విభాగాలు. ఇంత చిన్న టేబుల్ కావడమే మేలు. వచ్చిన జవాబును కంటితో సరిచూసుకోవచ్చు. లక్ష రికార్డులు ముందు పెడితే కొత్తవాళ్ళు తెరమీద కనిపించినదాన్ని నమ్మి ఊరుకుంటారు.

సెలెక్ట్, వేర్, ఆర్డర్ బై తొందరగానే పట్టుబడతాయి. చిక్కంతా నల్ దగ్గర. జీతానికి కమీషన్ కలిపి చూపించమంటే 14 మందిలో 10 మందికి మొత్తం రాదు, ఖాళీ వస్తుంది. కమీషన్ గడిలో విలువ ఉన్నది నలుగురికే. వాళ్ళలో టర్నర్‌కు ఉన్నది సున్నా కాబట్టి ఆయన జీతం 1500 సరిగ్గా వస్తుంది. నల్ ఉన్న ప్రెసిడెంట్ కింగ్‌కు మాత్రం 5000 జీతమూ కనిపించదు. సున్నా తెలిసిన విలువ, నల్ తెలియని విలువ. తెలియనిదానికి ఎంత కలిపినా తెలియనిదే. ఒరాకిల్‌లోని ఎన్‌వీఎల్ ఫంక్షన్‌తో నల్ స్థానంలో సున్నా పెడితే అందరి లెక్కా తేలుతుంది.

జాయిన్‌లోనూ ఇంతే. రెండు టేబుళ్ళనూ మామూలుగా కలిపితే 14 రికార్డులొస్తాయి, ఉద్యోగులెవరూ లేని 40వ విభాగం ఆపరేషన్స్ జారిపోతుంది. డెప్ట్ వైపు నుంచి ఔటర్ జాయిన్ చేస్తే 15 వస్తాయి.

అన్నిటికన్నా విలువైన అభ్యాసం మరొకటి: చేతికింద ఎవరూ లేనివాళ్ళను వెతకడం. వేళ్ళమీద లెక్కిస్తే ఎనిమిది మంది. మేనేజర్ నంబర్ల జాబితా మీద నాట్ ఇన్ వాడితే ఒక్క రికార్డూ రాదు, ఎర్రరూ రాదు. కింగ్‌కు పైన ఎవరూ లేరు కనుక ఆ జాబితాలో ఒక నల్ చేరింది. అది ఉన్నంతవరకు ఫలానా నంబరు జాబితాలో లేదని డేటాబేస్ తేల్చి చెప్పలేదు. ఆ జాబితానిచ్చే సబ్‌క్వెరీలోంచి నల్‌ను తీసేస్తే ఎనిమిది మందీ వస్తారు. ఎర్రర్ చూపని తప్పు ఎలా ఉంటుందో ఎంత లెక్చర్ విన్నా ఇంత బాగా తెలియదు.

అందుకే ప్రతి క్వెరీకీ ముందు, ఎన్ని రికార్డులు రావాలో పుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి ఈ సాధన ఇంట్లోనూ సాగించవచ్చు. కోర్సులో చేరబోయేవాళ్ళు డెమో క్లాసులో ఫీజుతో పాటు, ల్యాబ్‌లో క్వెరీలు టైప్ చేసేది సారా, విద్యార్థులా అని కూడా అడగాలి.