బండికి పందిరి

మన గోదావరి సీమలో నీడ లేకుండా ఏ పనీ సాగదు. పెళ్లికి తాటాకు పందిరి, వేసవి కూడికలకు చలువ పందిరి, పడవకు గూడు, ఎడ్లబండికి గూడు. గూడు బండి ఎక్కిన పెద్దలు మన సంఘాలలో ఇంకా కొందరున్నారు. వెదురు బద్దలు వంచి, వాటిమీద చాప కప్పి, ఎండా వానా తగలకుండా పిల్లాపాపలతో ప్రయాణాలు చేసేవారు.

ఇప్పుడు మన పట్టణాలలో రోడ్డు పక్కన ఫైబర్‌తో చేసిన చక్రాల బండ్లు కనిపిస్తున్నాయి. చిన్న గదిలా ఉంటాయి. ఒక పక్క కిటికీ తెరిచి టిఫిన్లు అమ్ముతారు. లోపల నిలబడి వండేవారికి కప్పు ఉంది గాని, బయట నిలబడి తినేవారికి నీడ లేదు. అటువంటి ఒక బండికి మేము పందిరి వేయించిన సంగతి మన పాఠకులతో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేమిద్దరం బడిలో పని చేసి విరమించినవాళ్లం. రాజమహేంద్రవరంలో కాపురం. నాలుగేళ్ల క్రితం మా తమ్ముడు ప్రభువునందు నిద్రించాడు. మా మరదలికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నర్సింగు చదువుతోంది. ఇల్లు గడవడానికి మా మరదలు ఒక పాత ఫైబర్ బండి కొని, ధవళేశ్వరం వెళ్లే దారిలో పెట్టుకుంది. పొద్దున ఇడ్లీ, పెసరట్టు. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పొట్లాలు. ఆటోవాళ్లు, బస్సు కోసం నిలబడేవారు, తాపీ పనివారు ఆమె దగ్గర కొనేవారు.

ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నపు బేరం సగానికి పడిపోయింది. “అక్కా, పదార్థం బాగుందనే అంటున్నారు. కానీ ఆ ఎండలో ఎవరు నిలబడతారు? పక్క వీధిలో చెట్టు కింద బండి ఉంటే అక్కడికి పోతున్నారు” అంది. పిల్ల ఫీజు జూన్‌లో కట్టాలి. వేసవి రెండు నెలలు బేరం లేకపోతే ఆ ఫీజుకు అప్పు తప్పదు.

ఎండ సంగతి చిన్నది కాదు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కూలిపని చేసేవారు, రోడ్డు మీద బతికేవారు, వృద్ధులు ఎక్కువగా దెబ్బతిన్నారు. పది నిమిషాల నీడ కూడా అటువంటి రోజున ప్రాణానికి మేలు.

ఆ బండి కిటికీ ఉత్తరం వైపు ఉంది. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే కదా అని చాలామంది అనుకుంటారు. చలికాలంలో అది నిజమే. కానీ మన ఊరు భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. అప్పటినుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరానే ఉంటాడు. గనుక ఎండ మండిపోయే రోజుల్లోనే ఉత్తరపు గోడ నీడ ఇవ్వదు. పందిరి ఉండి తీరాలి.

పెద్ద గొడుగు పెడదామంటే గాలికి నిలవదు. రేకు దించుదామంటే బండి రోజూ రాత్రి ఇంటికి లాక్కురావాలి. మడిచి పెట్టుకునే పందిరి కావాలి. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు ఫోనులో ఈ మాట విని, “పెద్దమ్మా, ఇక్కడ చిన్న చిన్న ట్రైలరు ఇళ్లకు సంచిలో పందిరి ఉంటుంది. చుట్టి జిప్పు వేస్తే గోడకే అంటుకొని ఉంటుంది. దాన్ని బ్యాగ్ ఆనింగ్ అంటారు” అని ఫొటోలు పంపాడు. కారు వెనుక తగిలించుకొని పోయే ఈ ఫైబర్ ఇళ్లలో పేరుపడిన బోలర్ 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిందట. పైసగం, కిందసగం వేరువేరుగా అచ్చు పోసి, నడుమ కలిపి అతికిస్తారు. మా మరదలి బండి కట్టుబడి కూడా అటువంటిదే.

ఆ పందిరి పనిచేసే తీరు సులువు. గోడ పైభాగాన అల్యూమినియం పట్టీ ఒకటి బిగిస్తారు. దానికి నిడివి పొడవునా సన్నని గాడి ఉంటుంది. గుడ్డ అంచులో తాడు పెట్టి కుట్టి, ఆ అంచును గాడిలోకి పక్కనుండి ఎక్కిస్తారు. తాడు లావు గనుక కిందికి జారి రాదు. అదే అంచుకు పొడవాటి సంచి కూడా కలిపి కుడతారు. విప్పితే పందిరి, చుడితే సంచి.

గుడ్డ కుట్టేవారు దొరికారు. చిక్కంతా గోడ దగ్గర వచ్చింది. ఆ బండి గోడ మందం 4 మిల్లీమీటర్లకు మించదు. మరలు బిగిస్తే పట్టు ఉండదు, లాగితే ఊడి వస్తాయి. ఇక్కడ మాకు ఆసరా అయినది ఉప్పాడ వైపునుండి వచ్చి మా పేటలో ఉంటున్న ఒక పెద్దమనిషి. ఆయన ఫైబర్ తెప్పలు బాగుచేసేవాడు. మన తీరంలో కొయ్య తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు వచ్చాక ఆ పని నేర్చుకున్నాడు. బండిని వేలితో నాలుగుచోట్ల తట్టి చూసి, “మాస్టారూ, బయట ఏం బిగించినా బలం లోపల ఉండాలండి. తెప్పకైనా బండికైనా ఒకటే” అన్నాడు.

ముందు గోడ లోపలి వైపు, పట్టీ వచ్చే చోట గరుకు కాగితంతో రుద్ది దుమ్ము తుడిచాడు. 4 అంగుళాల వెడల్పు ప్లైవుడ్ బద్ద పెట్టి, దానిమీద గాజు నార పరిచి, రెజిన్ పూసి గోడతో ఏకం చేశాడు. ఎండాకాలంలో రెజిన్ త్వరగా గట్టిపడుతుంది గనుక కొంచెం కొంచెంగా కలుపుకున్నాడు. ఒక రోజు ఆరనిచ్చాము. మరునాడు బయట కాగితపు టేపు అంటించి, దానిమీద గుర్తులు పెట్టి, ముందు సన్నని మేకు, తరువాత లావు మేకు వేసి డ్రిల్లింగు మిషనుతో బెజ్జాలు చేశాడు. టేపు ఉంటే పైన నునుపు పొర పెచ్చులూడదు. గాజు పొడి ఊపిరిలోకి పోకూడదని మా అందరి ముక్కులకు గుడ్డ కట్టించాడు. చేతులకు తగిలితే దురద పెడుతుంది గనుక పొడవు చేతుల చొక్కాలు తొడగమన్నాడు.

బండి కొనలు గుండ్రంగా ఉన్నాయి గనుక గోడ తిన్నగా ఉన్న 7 అడుగుల మేరకే పట్టీ వేశాము. బెజ్జం బెజ్జానికీ అడుగు లోపే దూరం. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, లోపల వెడల్పు వాషర్లు. ప్రతి బెజ్జంలోనూ పట్టీ వెనుకనూ నీరు దిగకుండా సీలెంటు పెట్టాడు.

గుడ్డ 7 అడుగుల నిడివి, 6 అడుగుల వెడల్పు. పైకి లేత రంగు ఉండేలా ప్లాస్టిక్ పూత ఉన్న మందపాటి గుడ్డ తీసుకున్నాము. జిప్పు లోహానిదైతే తుప్పు పడుతుందని ప్లాస్టిక్‌ది వేయించాము. వాన నీరు నిలవకుండా జిప్పు సంచికి కింది వైపు వచ్చేలా కుట్టించాము. రెండు వాసాలు, రెండు కాళ్లు అల్యూమినియం గొట్టాలవి. బయటి అంచు గోడకన్నా అడుగు కిందికి, అందులోనూ ఒక మూల మరికాస్త కిందికి ఉంచాము.

ఆ వాలు ఎందుకో లెక్క వేసి చూడండి. 42 చదరపు అడుగుల గుడ్డమీద అంగుళం వాన పడి నిలిచిపోతే దాదాపు 100 కిలోల నీరు. ధాన్యం బస్తా 75 కిలోలు. బస్తాకన్నా ఎక్కువ బరువు గుడ్డమీద వేలాడితే వాసాలు వంగకుండా ఉంటాయా? గాలి లెక్క ఇంకా కఠినం. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఈ గుడ్డకు ఎదురుగా తగిలితే సుమారు 30 కిలోల తోపు. 80 కిలోమీటర్లయితే 120 కిలోలు.

తారు రోడ్డు పక్కన మేకులు దిగవు. అందుకని కాళ్లకు కట్టిన తాళ్లను 20 లీటర్ల నీళ్ల డబ్బాలకు ముడివేశాము. ఒక్కొక్కటి 20 కిలోలు. తాళ్లు ఎవరి కాళ్లకూ తగలకుండా ఎర్ర గుడ్డ పీలికలు కట్టాము. పొయ్యి, పెనం ఉన్న వైపునుండి గుడ్డను దూరంగా ఉంచాము. పక్క తెరలు నేలదాకా దించలేదు. వంట గ్యాసు గాలికన్నా బరువైనది, కారితే కిందనే నిలుస్తుంది. కింద గాలి ఆడాలి.

మరొక సంగతి. పందిరి మురుగు కాలువ అంచు దాటి రోడ్డుమీదికి రాకుండా చూసుకున్నాము. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం బండి పెట్టుకొని బతికేవారికి రక్షణ ఇస్తుంది. దానితోపాటు దారిని అడ్డగించకూడదన్న బాధ్యత కూడా ఉంది. తనకు ఇచ్చిన గుర్తింపు పత్రాన్ని మా మరదలు కిటికీ పక్కనే అంటించుకుంది.

సామాను, కూలి అన్నీ కలిపి 9,000 రూపాయల చిల్లర అయింది. తెప్పల పెద్దమనిషి రెజిన్ ఖరీదు తప్ప కూలి తీసుకోలేదు. “పిల్ల నర్సు అయ్యాక నాకు సూది మందు వేస్తుందిలెండి” అని నవ్వాడు.

మూడో వారంలో ఒక సాయంకాలం ఈదురుగాలి లేచింది. మన ప్రాంతంలో మామిడికాయలు రాల్చే గాలి ఎలా వస్తుందో మీకు తెలుసు. గోదావరి అవతల మబ్బు నల్లబడింది, దుమ్ము లేచింది. మేము ఆ వేళ అక్కడే ఉన్నాము. మొదటి విసురుకే గుడ్డ తెరచాపలా ఉబ్బింది, వాసాలు కిర్రుమన్నాయి. గోడ కదలలేదు. మా మరదలు పొయ్యి కట్టేసి బయటికి దూకింది. తాళ్లు విప్పి, కాళ్లు మడిచి, గుడ్డ చుట్టి సంచిలో దోపి జిప్పు లాగింది. చిన్న పిల్ల ఒక కొన పట్టుకుంది. రెండు మూడు నిమిషాల పని. రోడ్డుకు అవతల ఉన్న పెద్ద గొడుగు ఒకటి లేచి, దొర్లుకుంటూ ఎటో పోయింది. దేవుని దయవలన ఎవరికీ తగలలేదు. ఆ రాత్రి వాన వెలిశాక మా మరదలు ఇంటి దగ్గర గుడ్డ మళ్లీ విప్పి ఆరవేసింది. తడి గుడ్డను చుట్టి ఉంచితే మన గాలిలోని తేమకు బూజు పట్టి కంపు కొడుతుంది.

ఆ పందిరిని చూసినప్పుడల్లా రెండు సంగతులు మా మనసులో మెదులుతాయి. జనం చూసేది గుడ్డను, దాని రంగును. దాన్ని నిలబెట్టినది మాత్రం గోడ లోపల, ఎవరికీ కనిపించని ప్లైవుడ్ బద్ద. పలుచని గోడలాంటి కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాటిమీద బరువు పడకముందే లోపలినుండి ఎవరో ఒకరు బలం చేర్చాలి. రెండవది, నీడను ఎప్పుడు విప్పాలో తెలిసినట్టే ఎప్పుడు ముడవాలో కూడా తెలియాలి. గాలికి ఎదురు నిలిచి గుడ్డ చింపుకోవడం ధైర్యం అనిపించుకోదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టే పని చేశాడని మనకు తెలుసు. గుడ్డకూ గాలికీ ఉన్న ఈ సంగతి ఆయన చేతులు బాగా ఎరిగే ఉంటాయి.

జూన్ ఫీజు అప్పు లేకుండా కట్టారు. మధ్యాహ్నపు బేరం మునుపటికన్నా ఎక్కువే ఉంది. కొనేవారే కాకుండా బస్సు కోసం చూసే నిండు చూలాలు, పుస్తకాల సంచితో బడిపిల్లలు కూడా ఆ నీడలో నిలబడుతున్నారు. మా మరదలు వారికి మంచినీళ్లు ఇస్తుంది.

మీ సంఘంలోనూ ఇటువంటి బండితో బతికే సహోదరులు, సహోదరీలు ఉంటారు. వేసవి రాకముందే ఒకసారి వారి దగ్గరకు వెళ్లి చూడండి. నీడ ఏ వైపునుండి కావాలి, గోడ ఎంత మందం, తాళ్లు దేనికి కట్టారు అని అడగండి. బోల్టులు వదులయ్యాయేమో చేత్తో పట్టి చూడండి. మీ సంఘంలో కుట్టుపని వచ్చినవారు, వెల్డింగు వచ్చినవారు, తెప్పలు బాగుచేసేవారు ఉండకపోరు. ఒక శనివారం కలిసి చేస్తే చాలు, ఒక బండికి పందిరి అవుతుంది.