వాసన వస్తుందా, కొడుతుందా?

బుచ్చిరెడ్డిపాలెం బజారులో నడిచే బాటసారికి ముక్కే మార్గదర్శి. పూల అంగడి వద్ద మల్లెలు గుబాళిస్తాయి. మిఠాయి అంగడి ముందు నేతివాసన గుప్పుమంటుంది. చేపలమ్మే చోట నీచువాసన వస్తుంది. నాలుగడుగులు వేస్తే మురుగుకాలువ కంపు కొడుతుంది.

‘వాసన’ అనే నామవాచకం మంచిచెడ్డలను తేల్చి చెప్పదు. ఆ తీర్పు చెప్పేది దాని వెంట వచ్చే క్రియ. ‘వాసన వస్తోంది’ అంటే నిందా లేదు, మెప్పూ లేదు. ‘గది వాసన వేస్తోంది’ అంటే మెత్తని ఫిర్యాదు. ‘కొడుతోంది’ అన్నామా, సహనం నశించినట్లే. ‘మల్లెలు వాసన కొడుతున్నాయి’ అంటే పూలమ్మే ఆమె నొచ్చుకోక మానదు. ఎండ కొడుతుంది, వానజల్లు కొడుతుంది. అడగకుండా వచ్చి మీదపడే వాటికి తెలుగువారు వాడే క్రియ ఇది. దుర్గంధమూ ఆ జాతిదే కాబోలు!

వాడుక ఇంగ్లీషులో ఈ పనిని క్రియ పక్కన నిలిచే చిన్న మాటలు చేస్తాయి. ‘స్టింక్ అప్’ అంటే చోటంతా కంపుతో నింపడం. ‘స్టింక్ అవుట్’ అంటే కంపుతో బయటికి వెళ్ళగొట్టడం. పని చెడగొట్టినవాణ్ణి ‘అంతా కంపు చేశాడు’ అని మనమూ అంటాం. అక్కడ ముక్కుతో నిమిత్తమే లేదు.

కంపు మాత్రం పుట్టుకతో చెడ్డది కాదు. కన్నడంలో కంపు అంటే నేటికీ పరిమళమే. మన ‘కమ్మని’ అనే మాట కూడా ఆ కుదురుదేనని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. తమిళంలో ‘నాట్రం’ అనే పదానికీ ఇదే గతి పట్టింది. ఒకనాడు సువాసనకూ చెల్లిన ఆ మాట నేటి వాడుకలో దుర్వాసనకే మిగిలింది.

సముద్రతీరం నుండి చేపలబుట్టతో ఒక స్త్రీ బస్సెక్కిందనుకోండి. ‘నీచువాసన వస్తోంది’ అన్న మాట చేపలను గురించినది. ఆమె కూడా కాదనదు. ‘కంపు కొడుతోంది’ అన్న మాట చేపల వద్ద ఆగదు. ఆమె చీర కొంగును, చేతులను, జీవనాన్ని తాకుతుంది. ఆమె బుట్టను కాళ్ళ దగ్గరికి లాక్కొని, కిటికీ వైపు ముఖం తిప్పుకుంటుంది. ఆ మాట అన్న పెద్దమనిషి ఆదివారం మధ్యాహ్నం మామిడికాయ వేసిన నెల్లూరు చేపల పులుసు ముందు కూర్చుంటాడు. అప్పుడు ఆయన నోట వచ్చే క్రియ వేరు: ‘ఘుమఘుమలాడుతోంది!’