విండోస్‌కి ప్లేటు ముందే ఇవ్వాలి

నేను రాస్తున్న చిన్న స్క్రిప్టింగ్ భాష లినక్స్‌లో చక్కగా నడుస్తోంది. కానీ దాన్ని నేర్చుకుంటానన్న తమ్ముడి దగ్గరున్నది విండోస్ లాప్‌టాప్. దాంతో ఈవెంట్ లూప్, అంటే డేటా కోసం కాచుకుని కూర్చునే భాగం, మళ్లీ రాయాల్సొచ్చింది.

లినక్స్‌లోని ఈపోల్ సెల్ఫ్ సర్వీస్ టిఫిన్ సెంటర్ టైపు. 'వచ్చింది' అని పిలుస్తుంది, మనమే వెళ్లి తెచ్చుకోవాలి. విండోస్‌లోని ఐఓసీపీది వేరే పద్ధతి. ప్లేటు, అదే బఫర్, ముందే ఇచ్చేయాలి. నింపేశాక 'అయింది' అంటుంది. ఈలోగా మన గార్బేజ్ కలెక్టర్ ఖాళీ ప్లేటే కదా అని ఎత్తేస్తే ఇడ్లీ ఎక్కడ పడుతుందో చెప్పలేం! రెండు వారాలు నేను రాసిందల్లా ఆ ప్లేటుకి కాపలా కోడే.

లిబ్‌యూవీ వాడొచ్చుగా అంటారా? నోడ్ జేఎస్ నడిచేది దానిమీదే, మంచిదే. కానీ ఈ గొడవంతా అది దాచేస్తుంది, నాకేమో చూడాలనుంది. ఇంకో తిరకాసు: ఆర్డర్ క్యాన్సిల్ చేసినా ప్లేటు వెంటనే లాక్కోకూడదు. అయిందనో, రద్దయిందనో విండోస్ నుంచి కబురొచ్చేదాకా ఆగాల్సిందే.