మా పల్లె ముచ్చట్లు – 23: మేమేడున్నాం?

మిత్రులారా, ఈసారి ఒక యంత్రం గురించి, దాంతో నేను చేసిన పొరపాటు గురించి.

పెళ్ళి ఫోటోలు తీసే నా పాత విద్యార్థి దగ్గర మోటారు స్లైడర్ ఉంది. మీటరు పొడవు పట్టా, దాని మీద కెమెరా కూర్చునే చిన్న బండి, పక్కన మోటారు, ఒక కంట్రోలర్ పెట్టె. మా అమ్మ నాట్లేసే మడిని టైమ్‌ల్యాప్స్ తీయాలని అడిగి తెచ్చుకున్నాను.

పొద్దున ఆరింటికి గట్టు మీద పట్టా బిగిస్తుంటే అమ్మ అంది: "ఏందయ్యా ఇది, రైలుపట్టా తెచ్చావా?" ముఠాలో పిన్నమ్మలంతా నవ్వారు.

లెక్క ఇది. పది సెకన్లకు ఒక ఫోటో. పదకొండింటిదాకా అయిదు గంటల్లో 1800 ఫోటోలు. సెకనుకు 24 చొప్పున ఆడిస్తే 75 సెకన్ల వీడియో. ఫోటోకీ ఫోటోకీ మధ్య మోటారు కెమెరాను అర మిల్లీమీటరు జరిపి ఆగుతుంది. అదురు తగ్గాక షట్టర్ తెరుచుకుంటుంది. మళ్ళీ అర మిల్లీమీటరు. కదలికలు నునుపుగా రావడానికి లెన్సు ముందు వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టర్ పెట్టి, ఒక్కో ఫోటోకి అర సెకను ఇచ్చాను.

వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. మబ్బులు పరిగెత్తాయి. దమ్ము చేసిన మడి దానంతటదే పచ్చబడింది. కాలేజీలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆదివారం అమ్మకు ఫోన్లో చూపించాను. రెండుసార్లు చూసింది.

"గట్టు మీద గొడుగేసుకుని కూచుంది ఆసామి గదా?"

"అవునమ్మా."

"మరి మేమేడున్నాం?"

అప్పుడు చూశాను. కదలకుండా కూర్చున్న ఆసామి గొడుగుతో సహా స్పష్టంగా ఉన్నాడు. అయిదు గంటలు వంగిన నడుములు మాత్రం రంగు మరకల్లా మినుకుమని మాయమవుతున్నాయి.

ఫోటో చరిత్రలో ఇది మొదటినుంచీ ఉంది. 1838లో లూయీ డాగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫోటో తీశాడు. ఆ ఫోటో పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. నడిచే జనం, బళ్ళు ఏవీ అందులో పడలేదు. ఒక మూల, కాలు ఎత్తిపెట్టి బూట్లు తుడిపించుకుంటున్న మనిషి మాత్రం పడ్డాడు. మనిషి కనబడే తొలి ఫోటోగా దాన్ని చెబుతారు. అతని పక్కనే మసక ఆకారం ఒకటి ఉంటుంది. అది బూట్లు తుడిచేవాడు. ఆగి నిలబడ్డ కాలు దక్కింది, ఆడిన చేతులు చెరిగిపోయాయి.

చెప్పులు కుట్టిన తాత మనవణ్ణి నేను. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేశాను. కవిత్వంలో పైరు తనంతట తానే ఊగుతుందని, నాటిన చెయ్యి కనబడదని పాఠం చెబుతుంటాను. అదే పని నేనూ చేశాను, అదీ మా అమ్మ పొలంలో ఉండగా.

స్లైడర్ మళ్ళీ తెచ్చాను. ఈసారి గట్టు దిగి, మడిలో ఇటుకల మీద పట్టా పెట్టాను, వంగిన మొహాల ఎత్తుకి. ఫిల్టర్ తీసేశాను. టైమ్‌ల్యాప్స్ కాదు, మామూలు వీడియో. నాట్లేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. అమ్మ వెనకడుగు ఎంత నెమ్మదో అంత నెమ్మదిగా మోటారును నడిపాను. నారు పీకే చప్పుడు కాదు, నారు గుచ్చే చప్పుడు వినబడింది. బురదలో మునిగి లేచే వేళ్ళు కనబడ్డాయి. పట్టా అయిపోయి బండి ఆగింది. అమ్మ ఆగలేదు, నడుమెత్తకుండానే ఫ్రేము దాటిపోయింది.

ఈ వీడియోకు క్లాసులో చప్పట్లు పడలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం, "సార్, ఇంకోసారి వేయండి" అంది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ అందరి ఫోన్లలో టైమ్‌ల్యాప్స్ ఉంది. తీయండి. తీశాక మీ అమ్మకు చూపించండి. ఆమె తనను తాను వెతుక్కోవాల్సి వస్తే, మళ్ళీ తీయండి.

జై భీమ్.