ఎక్కడం నేర్వని కోడిపిల్లలు

గత శీతాకాలంలో మేము హేచరీ నుండి పన్నెండు నాటుకోడి పిల్లలను తెచ్చాము. ఒక్కరోజు వయసువి. తల్లి లేని పిల్లలు గదా అని, మదరసా పిల్లలపై చూపే శ్రద్ధ కంటె ఒకింత ఎక్కువే చూపుతున్నామని ఇంట్లోవారు నవ్వేవారు. మొదట అట్టపెట్టె, పైన బల్బు వెచ్చదనం. తరువాత పెరటి గదిలో ఊక పరచిన నేల. మేత పళ్ళెం, నీళ్ళ గిన్నె తప్ప ఆ గదిలో మరే వస్తువునూ ఉండనివ్వలేదు. ఇటుక ముక్క కనబడినా తీసి పారవేసేవారము. అంతా శుభ్రంగా ఉండాలన్నది మా పట్టుదల.

అదే రోజుల్లో మా పాత పెట్ట ఆరు పిల్లలను పొదిగింది. వాటి పెంపకంలో మా ప్రమేయం ఏమీ లేదు. పదిరోజులు దాటేసరికి అవి కట్టెల మోపు వెనుకకు, రోలు చాటుకు పోవడం మొదలుపెట్టాయి. తల్లి కనుమరుగైతే కీచుమంటూ చుట్టూ తిరిగి వెదకుకొనేవి. కొన్నాళ్ళకు ఆ మోపు మీదికే ఎక్కసాగాయి.

రెండు నెలలు నిండాక అన్నింటినీ ఒకే గూటిలో చేర్చాము. అందులో ఒకదానికంటె ఒకటి ఎత్తుగా మూడు అడ్డకర్రలున్నాయి. మగ్రిబ్ వేళకు పెట్ట పిల్లలు క్రింది కర్ర మీదికి, అక్కడి నుండి పై కర్రకు చేరేవి. మేము పెంచినవి మాత్రం నేలమీద ఒక మూల కుప్పగా పడుకొనేవి. పై కర్ర దగ్గర మేత కట్టి చూశాము. మెడలు సాచి చూసేవే గాని, ముందు క్రింది కర్ర, ఆపైన రెండవది అన్న దారి వాటికి తోచేది కాదు. ఇంతలో ఒక బావురుపిల్లి గూటి అడుగు పలక సందు కనిపెట్టి, రెండు రాత్రులలో మూడింటిని లాక్కుపోయింది. నేలమీద ఉన్నవే దానికి అందాయి.

“ఇవి వట్టి మొద్దులు,” అన్నాము.

“మొద్దులు కావండి. ఎక్కి నేర్చుకోవడానికి ఆ గదిలో మీరు ఏమి మిగిల్చారు?” అన్నది మా శ్రీమతి. మాకు కోపం వచ్చింది గాని జవాబు రాలేదు.

పశువైద్యం చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి విని, “మామూ, ముమానీ చెప్పిందే నిజం,” అన్నాడు. స్వీడన్‌లో గున్నార్సన్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో చేసి, 2000లో ప్రకటించిన ఒక పరిశోధనను వివరించాడు. కొన్ని కోడిపిల్లలను మొదటి నుండి కర్రలున్న చోట, మరికొన్నింటిని కర్రలు లేని చోట పెంచారు. ఎనిమిది వారాలకు అందరికీ కర్రలు ఇచ్చారు. పదహారవ వారంలో మేతను ఎత్తున ఉంచి పరీక్షించారు. 40 సెంటీమీటర్ల ఎత్తులో రెండు జట్లకూ తేడా కనబడలేదు. ఎత్తు పెరిగి, ఒక మెట్టు నుండి మరో మెట్టుకు పోవలసి వచ్చేసరికి, చిన్ననాడు కర్రలు ఎరుగని కోళ్ళు వెనుకబడ్డాయి. సులువైన ఎత్తును రెండూ ఒకేలా ఎక్కినందున, లోపం కాళ్ళ బలంలో గాక, ఏది ఎక్కడ ఉన్నదో, దానిని ఎలా చేరాలో గ్రహించే శక్తిలో ఉన్నదని వారు భావించారు.

మా మనసు ఆ ఎనిమిది వారాల దగ్గరే నిలిచిపోయింది. మేము కూడా మా పిల్లలను గూటికి మార్చినది ఆ వయసుకే. ఆ కోళ్ళు మరో ఎనిమిది వారాలు కర్రల మధ్య ఉండి కూడా వెనుకనే ఉన్నాయన్నమాట.

అయితే పుట్టుకతో ఏమీ రాదని కాదు. ఇటలీలో రెగోలిన్, వల్లోర్తిగారా అనేవారు, ఎర్ర బంతినే తల్లిగా భావించేటట్లు పెంచిన కోడిపిల్లల ముందు ఆ బంతిని అడ్డుగోడ వెనుక ఉంచి చూశారు. ప్రక్కకు తిరిగి పోయేటప్పుడు బంతి కనబడకపోయినా, అవి అది ఉన్న వైపుకే మళ్ళాయి. రెండు రోజుల ప్రాణికి అంత తెలివి ఉన్నది! మా పన్నెండింటికీ ఉండే ఉంటుంది. మేమే దానికి పని లేకుండా చేశాము.

“మొద్దు” అన్న మాట మా నోట కోళ్ళను గురించే రాలేదు. ముప్ఫై ఏళ్ళలో ఎందరు పిల్లలను అలా అన్నామో, వారు మా వద్దకు వచ్చేముందు ఏ ఇంట ఏమి చూశారో అడిగామా? అడగలేదు. ఆ సంగతి మరోసారి.

గూటి సందు మూసివేశాము. మిగిలిన తొమ్మిదింటి కోసం క్రింది కర్రను ఇంకా దించి కట్టాము. అయిదు దానిమీద కూర్చుంటున్నాయి. పై కర్రకు ఒక్కటీ పోలేదు. ఇప్పుడు అట్టపెట్టెలో మరో ఎనిమిది పిల్లలున్నాయి. మా శ్రీమతి అందులో రెండు ఇటుకలు, ఒక వేపకొమ్మ పెట్టింది. ఊక చెదిరి పెట్టె అంతా చిందరవందరగా ఉన్నది. మేము చూసి ఊరుకొంటున్నాము.