కాశీయాత్రయు కాలిమేజోళ్ళును

కాశీయాత్ర యనగానే మన పూర్వులకు భక్తితోపాటు భయము కూడ కలుగుచుండెడిది. “కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానము” అను సామెత ఆ భయమునుండి పుట్టినదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములను సేవించి, తిరిగి ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు వచ్చినది. పదునైదు నెలల ప్రయాణము! ఆ దినములలో పల్లకి మోసినవారి కాళ్ళు నడిచి నడిచి అలసినవి. నేడు విజయవాడలో రైలెక్కినచో ఇంచుమించు ముప్పది గంటలలో గంగాతీరము చేరవచ్చును. కాని కాళ్ళకు మాత్రము విశ్రాంతి లేదు. నాడు నడకచేత నొచ్చిన కాళ్ళు నేడు కదలక కూర్చుండుటచేత వాచుచున్నవి.

మా అత్తగారికి కాశికి పోవలెనని చిరకాలపు కోరిక. మామగారు గతించిన పిదప ఆ కోరిక మ్రొక్కుగా మారినది. మావారికి బడి సెలవులు వచ్చినవి, టిక్కెట్లును దొరికినవి. అప్పుడు తెలిసినది, సాయంకాలమగునప్పటికి ఆమె పాదములు వాచుచున్నవని. బొటనవ్రేలితో అదిమినచో గుంట పడి, కొంత సేపటికి గాని పూడుటలేదు. పిక్కలమీద ఆకుపచ్చని సిరలు మెలికలు తిరిగి, తీగెలవలె పైకి ఉబ్బియున్నవి. ఆమె చీర కుచ్చెళ్ళు నేలకు జార్చి ఇంతకాలమును దానిని దాచిపెట్టినది. “వయసు మీరినవాళ్ళ కాళ్ళకు నీరు దిగదా, అమ్మాయీ! దీనికి కూడ వైద్యమా?” అని ఆమె నవ్వివేసినది. యాత్ర మానుకొందమని మావారనిరి. ఆ మాటకు ఆమె బదులు చెప్పలేదు. కాని ఆ రాత్రి అన్నము తినలేదు. తుదకు వైద్యురాలి మాట విని నిశ్చయించుకొందమని మేము మువ్వురమును ఒప్పుకొంటిమి.

వైద్యురాలు మొదట కాళ్ళను గాక మనిషిని పరీక్షించినది. గుండెయు మూత్రపిండములును సరిగా పనిచేయుచున్నవో లేదో, ఏయే మందులు వాడుచున్నదో, ప్రొద్దుట ముఖము ఉబ్బుచున్నదో లేదో అడిగినది. రక్తపుపోటునకు వాడు కొన్ని మాత్రలచేత కూడ పాదములు వాచునట! పిమ్మట చీలమండవద్దను, పాదముమీదను నాడి అంటి చూచినది. అన్నియు సరిగానున్నవని తేలిన మీదట ఇది సిరల దోషమని చెప్పి, దాని మర్మమును మాకు వివరించినది.

రక్తము దేహమందు చక్రమువలె తిరుగుచుండునని విలియం హార్వే అను ఆంగ్ల వైద్యుడు 1628లో గ్రంథరూపమున నిరూపించెను. గుండెనుండి పాదమునకు దిగుట సులభము. పాదమునుండి గుండెకు ఎక్కుటయే కష్టము. అందులకై సిరలలో చిన్న చిన్న తలుపులు కలవు. ఎక్కిన రక్తమును అవి మరల క్రిందికి దిగనీయవు. పిక్కకండరము ముడుచుకొనినపుడెల్ల రక్తమును పైకి త్రోయుచుండును. ఇది ఏతము త్రొక్కినట్లు. త్రొక్కువాడు ఊరకున్నచో నీరు ఎక్కదు. గంటల తరబడి నిలుచున్నవారికిని, కాళ్ళు వ్రేలాడవేసి కూర్చున్నవారికిని ఏతము ఆగిపోవును. ఏండ్లు గడచినకొలది తలుపులు సడలును. అప్పుడు రక్తము సిరలలో నిలిచి, అందలి నీరు మాంసములోనికి ఊరును. అదియే వాపు. ముప్పదియేండ్లు పొయ్యియొద్ద నిలిచి వండిన ఇల్లాలికి ఈ వ్యాధి వచ్చుట వింత గాదు. కాన్పులును, స్థూలకాయమును, వంశమును దీనికి తోడగును.

బిగుతు మేజోళ్ళను తొడిగినచో యాత్రకు అభ్యంతరము లేదని వైద్యురాలు చెప్పినది. వీనినే కంప్రెషన్ స్టాకింగ్సు అందురు. ఇవి చీలమండవద్ద మిక్కిలి బిగువుగాను, పైకి పోయినకొలది వదులుగాను అల్లబడును. ఆ బిగువును రక్తపుపోటువలెనే పాదరసపు మిల్లీమీటర్లలో కొలుతురు. ఆరోగ్యవంతులు ప్రయాణములలో వాడునవి సాధారణముగా 15 మొదలు 20 వరకు బిగువుగలవి. 20 మొదలు 30 వరకు గలవానిని వైద్యుల మాటమీదనే తొడుగవలెను. అంగడిలో పాదపు కొలత చెప్పి తెచ్చుకొనిన చాలదు. ప్రొద్దుట వాపు లేనివేళ చీలమండ చుట్టుకొలతయు, పిక్క చుట్టుకొలతయు టేపుతో తీసికొని కొనవలెను.

మా అత్తగారు వానిని చూచి, “దొరసానుల మేజోళ్ళు నాకెందుకే? మడికి పనికివచ్చునా?” అని అడిగినది. మడి మడిగానే యుండవచ్చును, స్నానమును పూజయు అయిన పిదప తొడుగుకొనవచ్చునని వైద్యురాలే సమాధానము చెప్పినది. అయితే పూజ ముగించి లేచినవెంటనే తొడుగరాదు; పది పదునైదు నిమిషములు పరుండి, పాదములను దిండుమీద ఎత్తుగా నుంచి, వాపు తీసిన పిదప తొడుగవలెను. మేజోటిని మడమవరకు లోపలి వైపు పైకి త్రిప్పి, పాదము దూర్చి, మడమ సరిగా కుదిరిన తరువాత కొంచెము కొంచెముగా పైకి నడుపవలెను. ఎచ్చటను ముడుత యుండరాదు. పైభాగమును క్రిందికి చుట్టినచో అది త్రాడువలె బిగిసి మేలునకు మారు కీడు చేయును. మొదటి దినము ఈ పనికి మాకు పావుగంట పట్టినది. నాలుగవ దినమున ఆమెయే స్వయముగా తొడుగుకొనినది.

రైలు ప్రయాణమందు మేము ఒక నియమము పెట్టుకొంటిమి. గంట రెండు గంటల కొకసారి ఆమెను చేయి పట్టుకొని పెట్టెలో ఆ చివరనుండి ఈ చివరకు నడిపించుచుంటిమి. కూర్చున్నప్పుడు మడమలెత్తి దింపుచు, పాదములు గుండ్రముగా త్రిప్పుచు నుండుమంటిమి. మన స్త్రీలు రైలులో మరుగుదొడ్డికి వెరచి మంచినీరు త్రాగరు. ఇది తగదు, మేము పట్టుబట్టి త్రాగించితిమి. రామగుండము దాటి గోదావరి వచ్చినపుడు ఆమె లేచి నిలిచి నమస్కరించినది. బల్లార్షా, నాగపురము, ఇటార్సీ గడచి, జబల్పూరునకు ముందు నర్మద కనబడినపుడు మరల లేచినది. నదీదేవతలే ఆమెకు వ్యాయామము చేయించిరని మావారు పరిహసించిరి. రాత్రి మేజోళ్ళు విప్పి, బట్టల మూటమీద కాళ్ళుంచి పరుండబెట్టితిమి.

ఒకప్పుడు మొగల్ సరాయి యనబడి, 2018లో దీనదయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టబడిన స్టేషనులో దిగి, మాళవీయ వంతెనమీదుగా కాశి ప్రవేశించితిమి. 1887లో తెరువబడిన ఈ వంతెనకు రెండంతస్తులు. క్రింద రైలు, పైన బాట. దానిమీదినుండి చూచినచో గంగ అర్ధచంద్రాకృతిని వంపు తిరిగి, మెట్లవరుసలు సూర్యునకెదురుగా ప్రకాశించుచుండును. 84 ఘట్టములు! మా అత్తగారు ఆ మెట్లను చూచి, తన పాదములను చూచికొని, మాటాడకుండెను.

మానససరోవర ప్రాంతమున ఆంధ్రాశ్రమ మున్నది. అచ్చటి సందులలో తెలుగు మాట వినబడునప్పుడు పుట్టింటికి వచ్చినట్లుండును. సమీపమందే కేదారఘట్టము. ఎరుపు తెలుపు చారలు తీర్చిన గోడల నడుమ మెట్లు నిటారుగా గంగలోనికి దిగును. గదిలోనే మేజోళ్ళు విప్పి, ఉట్టి కాళ్ళతో ఆమెను మెల్లగా దింపితిమి. రాతి మెట్లమీద మేజోళ్ళతో నడచినచో జారు భయము. తడిసినవానిని తొడుగుటయు మంచిది గాదు. ఆమె నడుములోతు నీట నిలిచి, “అమ్మాయీ, కాళ్ళు దూదిపింజలవలె తేలికగా నున్నవే!” అని ఆశ్చర్యపడినది. గంగామహిమ యనుకొనుటలో తప్పు లేదు. దానికి తోడు ప్రకృతి కారణమొకటియు కలదు. నీటిలో లోతు పెరిగినకొలది ఒత్తిడి పెరుగును. కావున పాదములవద్ద ఎక్కువ, పైన తక్కువ. అమెరికాలో టొలీడో నగరవాసియైన కాన్రాడ్ జాబ్‌స్ట్ అను యంత్రశిల్పి సిరల వ్యాధిచే బాధపడుచు, ఈతకొలనులో నిలిచినపుడు నొప్పి తగ్గుటను గమనించెను. నీరు చేయు పనిని నూలుచేత చేయించవలెనని తలచి 1950 ప్రాంతమున ఆయన రూపొందించినవే నేటి క్రమబిగువు మేజోళ్ళకు మాతృకలు.

విశ్వేశ్వరుని ఆలయమునకు గంగనుండి విశాలమైన బాట 2021 డిసెంబరు 13న ప్రారంభింపబడినది. అయినను పర్వదినములలో వరుసలు తప్పవు. నడక కంటె నిలుకడయే కష్టమని అచ్చట తెలిసినది. ఘట్టములవెంట నడచినపుడు లేని వాపు, వరుసలో రెండు గంటలు నిలిచినపుడు వచ్చినది. మునివ్రేళ్ళమీద లేచుచు దిగుచు నుండుమని మేము చెప్పగా ఆమె “హరహర మహాదేవ” యనుచు లెక్కపెట్టి చేసినది. వెనుకనున్న ఇద్దరు ముగ్గురు స్త్రీలు మొదట నవ్వి, పిదప తామును చేయసాగిరి.

మూడవ దినమున ఒక సంగతి జరిగినది. మా ప్రక్కగదిలో దిగిన తెలుగు కుటుంబములోని పెద్దమ్మగారు, మా అత్తగారి మేజోళ్ళను చూచి, తనకును ఒక జత యిమ్మని అడిగినది. ఆమెకు ఎడమకాలు ఒక్కటే వాచినది. వాపు ముందటి రాత్రి హఠాత్తుగా వచ్చినది. పిక్క వెచ్చగానుండి, ముట్టుకొనిన నొప్పి. నూనె రాసి గట్టిగా పిసుకుచున్నారు. మాకు వైద్యురాలి హెచ్చరిక గుర్తు వచ్చినది: రెండు కాళ్ళును సాయంకాలము వాచుట ఒకటి, ఒక్క కాలు హఠాత్తుగా నొప్పితో వాచుట వేరొకటి. మేము మేజోళ్ళ నియ్యలేదు. వారు కొంచెము చిన్నబుచ్చుకొనిరి. అయినను మావారు వారి కుమారునితో మాటాడి వెంటనే ఆసుపత్రికి పంపిరి. డాప్లర్ పరీక్షలో లోపలి సిరలో రక్తము గడ్డకట్టినదని తేలినది. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయము. మందులు మొదలుపెట్టిరి, ఆమె బ్రతికినది. తిరుగు ప్రయాణమునకు ముందు మేము చూడబోగా, “మీరు మేజోళ్ళిచ్చియుండినచో తొడుగుకొని గయకు పోయియుందును” అని మా అత్తగారి చేయి పట్టుకొని కంట తడి పెట్టినది.

ఇట్టి ఆపద అరుదే. నాలుగు గంటలు మించి కదలక కూర్చుండు ప్రయాణములు ఈ గడ్డల భయమును ఇంచుమించు రెట్టింపు చేయుననియు, అయినను అది సుమారు 6000 మందిలో ఒకరికే సంభవించుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో ప్రకటించినది. కాన్పైన క్రొత్తలోను, పెద్ద శస్త్రచికిత్స తరువాతను, పూర్వము గడ్డ వచ్చినవారికిని భయ మెక్కువ. అట్టివారు వైద్యుల నడుగక బయలుదేరరాదు. కాలివాపుతో ఆయాసముగాని రొమ్మునొప్పిగాని వచ్చినచో క్షణమైన ఆలస్యము చేయరాదు.

మేజోళ్ళు అందరికిని హితము గావు. పాదములకు రక్తము చక్కగా అందనివారును, మధుమేహముచే అరికాలి స్పర్శ పోయినవారును, గుండెజబ్బు ముదిరినవారును, కాలిమీద మానని పుండు గలవారును పరీక్ష లేక తొడుగరాదు. తొడిగిన పిమ్మట వ్రేళ్ళు చల్లబడినను, తిమ్మిరెక్కినను, రంగు మారినను వెంటనే విప్పవలెను. దినదినము గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో ఉతికి, పిండక, నీడలో ఆరవేయవలెను. అయిదారు నెలలకు వాని సాగుడు తగ్గును. అప్పుడు క్రొత్తవి కొనవలెను. ఇవి వాపును అదుపులో నుంచునే గాని చెడిన సిరను బాగుచేయజాలవు.

సోదరీమణులారా! ఇంటిల్లిపాది కాళ్ళు కడుగుకొనుటకు మనము నీళ్ళందింతుము. అలసివచ్చినవారి కాళ్ళు పట్టుదుము. మన కాళ్ళను మాత్రము చీర కుచ్చెళ్ళక్రింద దాచుకొందుము. ఈ రాత్రి పని ముగిసిన తరువాత మీ అత్తగారి పాదములను, మీ తల్లి పాదములను, పిమ్మట మీ పాదములను దీపమువద్ద ఒక్కసారి చూడుడు. వ్రేలితో అదిమి చూడుడు. గుంట పడినచో వైద్యుని కడకు పొండు. కాశికి పోవువారు కాకున్నను సరియే. వంటయింటినుండి వాకిలివరకు మనము దినమును నడచు నడక తక్కువది గాదు.