ఇద్దరు ఒకడి మీద పడితే ఇంకెక్కడో ఒకడు ఖాళీ

రొంత పెద్ద పోస్టు ఇది. తీరిక చేసుకోని చదవండి.

మేము నెల్లూరులో ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే పిలకాయలం. అందరికీ ఇరవై, ఇరవై ఒకటి వయసు. మా ఊళ్లు ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల్లో ఉండాయి. అన్నీ సముద్రం పక్కనో, బకింగ్‌హామ్ కాలవ పక్కనో ఉండే యానాది కాలనీలే. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో పన్నెండు మంది ఉంటే ఆరుగురం ఈ హాస్టల్ వాళ్లమే.

ఈ ఏడాది మా టీము వరసగా మూడు మ్యాచులు ఓడిపోయింది. మూడూ ఒకే కారణంతో. ఆ కారణం ఏందో, దాన్నుంచి ఎట్టా బయటపడ్డామో అందరం కూర్చోని రాస్తా ఉండాం. ఆట గురించే రాస్తా ఉన్నా, మన హాస్టళ్లలో ఉండే అందరికీ పనికొస్తుందనే నమ్మకం.

ముందు ఆట తెలియని వాళ్లకి రొంత వివరం. బంతి తెచ్చే వాడిని పాయింట్ గార్డ్ అంటారు. వాడి ముందు ఎదుటి టీమోడు ఒకడు కాపలా ఉంటాడు. మన పొడుగోడు వచ్చి ఆ కాపలావాడి పక్కన స్తంభం మాదిరి నిలబడతాడు. పాయింట్ గార్డ్ ఆ స్తంభాన్ని రాసుకుంటా పోతే కాపలావాడు దానికి తగులుకోని వెనకబడతాడు. దీన్నే బాల్ స్క్రీన్ అంటారు. స్క్రీన్ పెట్టినోడు కాపలావాడి మీదికి జరక్కూడదు, జరిగి తగిలితే ఫౌల్. పెట్టిన తర్వాత తిరిగి రింగు వైపు పరిగెత్తితే పిక్ అండ్ రోల్. చిన్న కాలేజీ టీము నుంచి అమెరికా ఎన్‌బీఏ దాకా అందరూ ఎక్కువగా ఆడేది ఇదే.

దీన్ని ఆపడానికి ఎదుటోళ్ల దగ్గర కొన్ని దారులుంటాయి. వాళ్ల పొడుగోడు ముందుకు రాకుండా రింగు దగ్గరే కాపు కాయడం ఒకటి. కాపలావాళ్లిద్దరూ మనుషుల్ని మార్చుకోవడం ఇంకొకటి. ఈ రెండూ మెత్తని దారులు. గట్టి దారులు వేరే ఉండాయి. పొడుగోడు ఒక్కసారిగా బంతి ఉన్నోడి ముందుకు దూకి, వాడిని ఆపి, మళ్లీ వెనక్కి పరిగెత్తితే హెడ్జ్. వెనక్కి పోకుండా ఇద్దరూ కలిసి వాడిని మూసేస్తే ట్రాప్.

మమ్మల్ని మూడు మ్యాచుల్లో కొట్టింది ఈ ట్రాపే.

అది యాడ పడుతుందో చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. కోర్టు 28 మీటర్ల పొడుగు, 15 మీటర్ల వెడల్పు. బంతి చేతికొచ్చిన 8 సెకన్లలో సగం గీత దాటాలి. దాటినాక బంతితో వెనక్కి రాకూడదు. అందుకని మనోడు సగం గీత దాటి పక్క గీత దగ్గరికి రాగానే ఇద్దరూ మీద పడతారు. ముందు ఇద్దరు మనుషులు, వెనక సగం గీత, పక్కన అవుట్ గీత. నాలుగు వైపులా గోడే. అప్పుడు భయపడి బంతిని రెండు చేతులా పట్టుకున్నాడా, ఇంక డ్రిబుల్ చెయ్యడానికి లేదు. దగ్గరగా కాపలా ఉంటే 5 సెకన్లలో ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. ఎత్తుగా ఉన్న నాలుగు చేతుల మీదుగా వేసిన పాస్ గాల్లో తేలుతా పోతుంది. మధ్యలో వాళ్లోడు అందుకుంటాడు. ఆపైన అడ్డం లేకుండా రింగు కాడికి పరుగే.

మోకాలికి దెబ్బ తగిలి బెంచీ మీద కూర్చున్న మావోడొకడు మూడో మ్యాచిలో నోటుబుక్కులో గీతలు పెట్టాడు. బంతి మా చేతిలో నుంచి పోయింది 26 సార్లు. అందులో 17 సార్లు స్క్రీన్ పెట్టిన చోటే.

చూసిన వాళ్లు ఎవరూ ఆ గీతలు చూడలేదు. అందరి నోటా ఒకటే మాట, పాయింట్ గార్డ్‌కి భయం అని. గ్యాలరీలో ఒక పెద్దమనిషి "ఆ కాలనీ పిలకాయలకి ఒత్తిడి తట్టుకోవడం రాదు" అన్నాడు. మా పాయింట్ గార్డ్ మా హాస్టల్ వాడే. ఆ మాట వాడు విన్నాడు.

అసలు సంగతి భయం కాదు. మా హాస్టల్ దగ్గర ఉన్న సిమెంటు కోర్టులో రింగు ఒకటే ఉంది. రెండోది విరిగిపోయి చాలా కాలమైంది. రోజూ సాయంత్రం ఆడేది ఆరుగురం, అంటే ముగ్గురు ముగ్గురు. ఆ ఆటలో ఇద్దరు పోయి ఒకడిని పట్టుకుంటే మిగిలిన ఇద్దరికి ఒక్కడే కాపలా. అంత పిచ్చిపని ఎవరూ చెయ్యరు. అందుకని ట్రాప్ అనేది మా ప్రాక్టీసులో ఒక్కరోజూ రాలేదు. రెండు రింగులూ పదిమంది మనుషులూ ఒక కోచ్ ఉన్న కాలేజీ దాన్ని రోజూ నేర్చుకుంటుంది. మేము దాన్ని మొదటిసారి చూసింది మ్యాచిలోనే.

మూడో మ్యాచి అయిపోయిన వారంలో మా పాయింట్ గార్డ్ హాస్టల్‌కి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఓడిపోయిన సిగ్గుతో ఊరికి పోయినాడేమో అనుకుని నలుగురం బస్సెక్కి పొయ్యాం. మైపాడు వైపు సముద్రానికి దగ్గర్లో వాళ్ల కాలనీ.

పోయినాక తెలిసింది వేరే. వాళ్ల నాయన రొయ్యల గుంట దగ్గర కాపలా. ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకి ఓనరు దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు. ఇప్పుడు ఆయనకి ఒంట్లో బాగాలేదు. బాకీ తీరేదాకా రాత్రి కాపలాకి కొడుకు రావాలని ఓనరు మాట. మావోడు పది రాత్రుల నుంచి గుంట గట్టు మీద టార్చిలైటు పట్టుకోని ఉండాడు. సెమిస్టర్ ఫీజు కట్టే ఆఖరు తేదీ ఇంకో వారంలో ఉంది. ఒక పక్క బాకీ, ఒక పక్క ఫీజు, వెనక్కి పోవడానికి లేదు, ముందుకి కదలడానికి లేదు. వాడిని చూస్తే మాకు సగం గీత దగ్గర ఇరుక్కున్న మనిషే గుర్తొచ్చాడు.

ఇక్కడ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. అడ్వాన్స్ ఇచ్చాం గాబట్టి మనిషి కదలకూడదు, బదులుగా పిల్లోడు వచ్చి పనిచెయ్యాలి అనడం వెట్టిచాకిరి. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం అది నేరం. అట్టాంటి బాకీ తీర్చాల్సిన బాధ్యత కూడా చట్టం తీసేసింది. కలెక్టరుకో, ఆర్డీవోకో, తహసీల్దారుకో అర్జీ పెట్టుకోవచ్చు. మా సీనియర్ అన్న ఒకాయన ఫోన్లోనే అర్జీ ఎట్టా రాయాలో చెప్పాడు. తెల్ల కాగితం మీద రాసి, వాళ్ల నాయన చేత వేలిముద్ర వేయించి, తహసీల్దార్ ఆఫీసుకి బయల్దేరాం. అర్జీ సంగతి తెలిసేసరికే ఓనరు మాట మారింది. నాయనకి బాగయ్యాక కూలికి వస్తే చాలు, పిల్లోడు అక్కర్లేదన్నాడు. అయినా అర్జీ ఇచ్చే వచ్చాం. ఫీజుకి టీములో తలా కొంత వేసుకున్నాం. టౌన్ పిలకాయలు కూడా వేశారు.

మేము ఊరికి పోయేటప్పుడు ఊరికే ఉండలేక బంతి కూడా తీసుకుపొయ్యాం. సాయంత్రం ఇసకలో ఆడదామని చూస్తే ఒక చిక్కు. ఇసకలో బంతి ఎగరదు. డ్రిబుల్ లేదు. పట్టుకున్నోడు పట్టుకున్న చోటే ఆగి ఎవరికో ఒకరికి ఇవ్వాల్సిందే. రొంతసేపు ఆడాక మాకు తట్టింది, ట్రాప్‌లో పడ్డోడి పరిస్థితి సరిగ్గా ఇదే గదా అని.

తర్వాత చదివితే ఇంకో సంగతి తెలిసింది. 1891 డిసెంబర్‌లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట మొదలు పెట్టినప్పుడు ఆయన రాసిన 13 రూల్స్‌లో డ్రిబుల్ లేనే లేదు. బంతితో పరిగెత్తకూడదు, అందుకున్న చోటు నుంచే విసరాలి. డ్రిబుల్ తర్వాత వచ్చింది. అంటే మైపాడు ఇసకలో మేము ఆడింది పుట్టినప్పటి బాస్కెట్‌బాల్.

కాలనీ పిలకాయల్ని కూడా కలుపుకోని రూలు పెట్టుకున్నాం. బంతి ఎవరి చేతిలో ఉంటే వాడి మీదికి ఇద్దరు పోవాలి, తప్పనిసరిగా. ఐదు లెక్కపెట్టేలోపు బంతి చెయ్యి మారాలి. వలలు సర్దుకుంటా చూస్తా ఉన్న మావోడి అమ్మ నవ్వి, "ఇద్దరూ పోయి వల ఆడ వేస్తే, ఈడ నీళ్లన్నీ ఖాళీనే గదరా నాయనా. ఈడుండే చేప నిలబడి ఆడికే చూస్తా ఉంటదా?" అంది.

ట్రాప్ లెక్కంతా ఆ మాటలోనే ఉంది. ఐదుగురిలో ఇద్దరు బంతి మీదికి పోతే, మా నలుగురికి వాళ్లు ముగ్గురే. ఒకడు ఖచ్చితంగా ఖాళీ. వాడికి బంతి చేరితే చాలు.

పెద్ద టీములు చేసేది ఇదే. 2014 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో మయామి హీట్ అట్టా మీద పడి ఆడే టీము. శాన్ ఆంటోనియో స్పర్స్ బంతిని ఎవరి చేతిలోనూ నిలవనీకుండా తిప్పి తిప్పి 4-1తో గెలిచింది. గోల్డెన్ స్టేట్ వాళ్ల స్టీఫెన్ కర్రీ మీదికి ఇద్దరు దూకితే అతను వాళ్లతో కుస్తీ పట్టడు. స్క్రీన్ పెట్టిన డ్రేమండ్ గ్రీన్‌కి బంతి ఇచ్చేస్తాడు. గ్రీన్ మధ్యలో ఆగి, ముందున్న ముగ్గురిని చూసి, నాలుగో మనిషికి ఇస్తాడు. ప్రపంచంలోనే గొప్ప షూటర్ కూడా ట్రాప్‌ని ఒంటరిగా దాటాలని చూడడు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మేము నేర్చుకున్నవి మూడు. ఒకటి, పాయింట్ గార్డ్ రెండో మనిషి వచ్చేదాకా ఆగకుండా, వాడు కదలగానే రెండు డ్రిబుల్స్ వెనక్కి వెయ్యాలి, సగం గీత దాటకుండా. వాళ్లిద్దరూ వెంట వస్తారు, వెనకాల జాగా పెరుగుతుంది. రెండు, స్క్రీన్ పెట్టిన పొడుగోడు రింగు దాకా పరిగెత్తకూడదు. ఫ్రీ త్రో గీత దగ్గర ఆగి చేతులు చూపించాలి. దూరం తక్కువైతే పాస్ గాల్లో తేలదు. మూడు, మిగిలిన వాళ్లలో ఒకడు కచ్చితంగా మూలకి పోవాలి, ఒకడు రింగు అవతల పక్కకి, ఒకడు పాయింట్ గార్డ్‌కి రెండో దారిగా పైన ఉండాలి. బంతి పొడుగోడికి చేరిన సెకనులో ఈ ముగ్గురిలో ఒకడు ఖాళీగా దొరుకుతాడు. ఇందులో ఎవరూ కొత్తగా ఎగరడం నేర్చుకోలేదు. ఎప్పుడు, యాడ ఉండాలో నేర్చుకున్నాం, అంతే.

రెండు నెలల తర్వాత మమ్మల్ని మూడో మ్యాచిలో కొట్టిన కాలేజీతోనే మళ్లీ ఆట పడింది. మొదటి ట్రాప్‌కే బంతి పొడుగోడికి, అక్కడి నుంచి మూలకి, మూల నుంచి రింగులోకి. రెండోసారీ అంతే. మూడో క్వార్టర్ సగానికి వాళ్ల కోచ్ లేచి చెయ్యి ఊపి, ట్రాప్ ఆపి వెనక్కి రమ్మన్నాడు. ఆ మ్యాచి మేము 4 పాయింట్లతో ఓడిపోయాం. ఫ్రీ త్రోలు మా చేతికి ఇంకా రాలేదు, అది వచ్చే ఏడాది పని. కానీ ఆ కోచ్ చెయ్యి ఊపిన క్షణం మా బెంచీ మొత్తం లేచి నిలబడింది. యూనివర్సిటీ సెలక్షన్ ట్రయల్స్‌కి పిలుపు పాయింట్ గార్డ్‌కి రాలేదు, మధ్యలో నిలబడి పాసులిచ్చిన మా పొడుగోడికి వచ్చింది. అందుకు ఎక్కువ సంతోషపడింది పాయింట్ గార్డే. వాడు సెమిస్టర్ పరీక్షలు రాశాడు. వాళ్ల నాయన ఇప్పుడు వేరే చోట రోజుకూలికి పోతా ఉండాడు.

మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీకి వచ్చినోడి చేతిలో అందరూ బంతి పెట్టేసి, నువ్వే తీసుకుపో అంటారు. ఫీజు, సర్టిఫికెట్, ఇంటి బాకీ అన్నీ ఒకేసారి వాడి మీద పడతాయి. వాడు ఆగిపోతే, వీడికి చదువు అబ్బలేదు అంటారు. వాడికి కావాల్సింది ధైర్యం చెప్పే మాటలు కాదు, పాస్ అందేంత దగ్గర్లో ఒక మనిషి.

అందుకని ఒకటే అడుగుతా ఉండాం. మీ హాస్టల్లో ఎవరైనా వారం రోజులు కనపడకపోతే, ఫోన్ చేసి ఊరుకోవద్దు. ఇద్దరు వాడి ఊరికి పొయ్యి రండి. అడ్వాన్స్ సమస్య అయితే ఈ గ్రూపులో చెప్పండి, అర్జీ ఎట్టా రాయాలో మేము పంపిస్తాం. బాస్కెట్‌బాల్ ఆడే హాస్టళ్లు నెల్లూరు చుట్టుపక్కల ఏవైనా ఉంటే కామెంట్‌లో రాయండి. మాకు పదిమంది కావాలి, రెండు రింగులున్న కోర్టు కావాలి. అప్పటిదాకా ఆదివారం పొద్దున్నే మైపాడు ఇసకలో ఉంటాం. బంతి మాదే.